ముందు కనిపించింది చెప్పండి

సెలవు రోజున నలుగురు కెమెరాలు భుజాన వేసుకుని బయల్దేరడం, సాయంత్రానికి ఎక్కడో కూర్చుని తీసిన ఫొటోలు ఒకరికొకరు చూపించుకోవడం ఇవాళ మన ఊళ్లలో మామూలైపోయింది. చార్మినార్ చుట్టూ సందులు, కొల్లేటి పెలికాన్లు, సూళ్లూరుపేట వైపు ఫ్లెమింగోలు, లంబసింగి మంచు, పోచంపల్లి మగ్గాలు, ఎటు వెళ్లినా ఇలాంటి బృందం ఒకటి ఎదురవుతుంది. వీళ్లలో చాలామందికి ఫొటోగ్రఫీ బతుకుతెరువు కాదు. బ్యాంకులోనో బడిలోనో సాఫ్ట్‌వేర్ కంపెనీలోనో పనిచేసుకుంటూ ఇష్టం కొద్దీ నేర్చుకుంటున్నవాళ్లు. గురువు లేడు, సిలబస్ లేదు. ఒకరి ఫొటో మీద ఇంకొకరు చెప్పే మాటే వీళ్లకు బడి. కాబట్టి ఆ మాట ఎలా ఉండాలన్నది గట్టిగా ఆలోచించాల్సిన విషయం. ఇప్పుడు వినిపించే మాటలు ఎక్కువగా రెండు రకాలు. మొదటిది 'సూపర్', 'కేక', 'అదిరింది' అనే మెచ్చుకోలు. రెండోది 'హొరైజన్ వంగింది', 'హైలైట్స్ ఎగిరిపోయాయి', 'రూల్ ఆఫ్ థర్డ్స్ పాటించలేదు' అనే తప్పుల చిట్టా. ఒకటి తీపి, ఇంకొకటి చేదు. రెంటిలోనూ లోపం మాత్రం ఒక్కటే. చూసినవాడికి ఆ ఫొటోలో ఏం కనిపించిందో వాటిలో లేదు.

ఒక ఫొటో ఊహించుకుందాం. ఆషాఢ మాసం, బోనాలు, మిట్టమధ్యాహ్నం. ఒకావిడ తలమీద బోనం ఎత్తుకుని నడిచివస్తోంది. పసుపు రాసిన కుండ, చుట్టూ వేపమండలు, పైన దీపం. ముఖం చక్కగా ఫోకస్‌లో ఉంది. దీపం వెనక మాత్రం తెల్లటి ఆకాశం. వెలుగులో వెలుగు కలిసిపోయి మంట జాడ దాదాపు తెలియడం లేదు. కుడి అంచున మోచేతి దగ్గర తెగిపోయిన ఎవరిదో చెయ్యి, ఆ చేతిలో సెల్‌ఫోన్, వెలుగుతున్న దాని తెర. దీన్ని చూసి 'సూపర్ అన్నా' అన్నవాడు తీసినవాడికి సంతోషం ఇచ్చాడు, సమాచారం ఇవ్వలేదు. 'మనిషిని నట్టనడుమ పెట్టావు, పక్కకు జరపాల్సింది' అన్నవాడు పుస్తకంలో చదివింది అప్పజెప్పాడు. మూడో మనిషి ఇలా అన్నాడనుకోండి: 'నా చూపు మొదట ఆ సెల్‌ఫోన్ తెర మీదకు పోయింది. అక్కణ్ణుంచి ఆవిడ ముఖానికి వచ్చాను. దీపం వెలుగుతోందన్న సంగతి రెండోసారి చూస్తే గానీ తెలియలేదు.' ఇందులో పొగడ్తా లేదు, తెగడ్తా లేదు. తీసినవాడికి మాత్రం తన ఫొటో గురించి తనకు తెలియని సంగతులు మూడు తెలిశాయి. నా వాదన ఇదే. బాగుందా లేదా అన్నది తర్వాత. మన కన్ను మొదట ఎక్కడికి పోయింది, ఎక్కడ ఆగింది, ఏది ఆలస్యంగా దొరికింది, ఏది దొరకనే లేదు అన్నది ముందు చెప్పాలి.

తన ఫొటో తనకు కనిపించదా అని అడగవచ్చు. పూర్తిగా కనిపించదు. డప్పుల మోత, సాంబ్రాణి వాసన, తోపులాటలో ముందు వరుసకు చేరడానికి పడ్డ పాట్లు, అన్నీ అతనికి ఆ ఫొటోలోనే ఉంటాయి. దీపం అతని కళ్లముందు వెలిగింది కాబట్టి తెర మీద కూడా వెలుగుతూనే ఉంటుంది. చూసేవాడి దగ్గర నాలుగు అంచుల మధ్య ఉన్నది తప్ప ఇంకేమీ లేదు. న్యూయార్క్ వీధుల్ని దశాబ్దాలపాటు ఫొటోలు తీసిన గ్యారీ వినోగ్రాండ్‌కు ఈ చిక్కు బాగా తెలుసు. తీసిన ఫిల్మ్‌ను ఆయన వెంటనే కడిగేవాడు కాదు. ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం పక్కన పెట్టేసేవాడు. తీసిన రోజు మనసులో ఉన్న ఊపు రేపు ఫొటోలు ఎంచుకునేటప్పుడు అడ్డురాకూడదని ఆయన ఉద్దేశం. 1984లో ఆయన చనిపోయేనాటికి కడగని రోల్స్ 2,500 దాకా మిగిలిపోవడానికి ఈ అలవాటు ఒక్కటే కారణం కాదు గానీ, దాని వెనక ఉన్న ఆలోచన మాత్రం గట్టిది. మనలో ఏడాది ఆగే ఓపిక ఎవరికుంది? తీసిన గంటలోనే ఎడిటింగ్ అయిపోతుంది. తీసిన క్షణాన్ని మరిపించడానికి కాలం చేసే పనిని, ఆ తోపులాటలో లేని స్నేహితుడి కన్ను ఆ సాయంత్రమే చేసిపెడుతుంది. అతని నుంచి మనం అడగాల్సిన మేలు అదే.

ఎవరి అభిరుచి వారిది, ఒకరి కన్ను పోయిన చోటుకే ఇంకొకరి కన్ను పోతుందా అన్నది మొదటి అభ్యంతరం. అభిరుచులు వేరన్నది నిజమే. కానీ తేడా ఉన్నచోట కూడా ఇద్దరూ ఒకే వస్తువును చూస్తూ మాట్లాడుకోవచ్చు. 1936 మార్చిలో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర బఠాణీ కూలీల గుడారాల్లో డొరోతియా లాంగ్ తీసిన 'మైగ్రెంట్ మదర్' ఫొటో సంగతే చూడండి. పిల్లలు చెరో భుజం మీద తలలు వాల్చి ముఖాలు దాచుకోగా, చెంపకు చెయ్యి ఆనించి దూరంగా చూస్తున్న తల్లి. ఆ ఫొటోలో కింద కుడి మూల గుడారపు కర్రను పట్టుకున్న ఒక బొటనవేలు ఉండేది. అది చూపును లాగేస్తోందని కొన్నేళ్ల తర్వాత లాంగ్ దాన్ని నెగటివ్ మీదే చెరిపించింది. ఆమెను ఆ పనికి పంపిన ప్రభుత్వ శాఖలో ఫొటో విభాగాన్ని నడిపిన రాయ్ స్ట్రైకర్‌కు అది నచ్చలేదు. సాక్ష్యంగా తీసిన ఫొటోను దిద్దితే దాని నమ్మకం పోతుందని ఆయన పట్టు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది, ఈ రోజుకీ ఎటైనా వాదించవచ్చు. అయితే వేలు అక్కడ ఉందన్న దాంట్లో ఇద్దరికీ తేడా లేదు. చర్చ ఆ వేలి దగ్గర మొదలైంది కాబట్టే దాన్నుంచి మనం ఇప్పటికీ నేర్చుకోగలుగుతున్నాం. 'నాకు నచ్చింది', 'నాకు నచ్చలేదు' అన్న మాటల దగ్గర మొదలైన చర్చ అక్కడే ఆగిపోతుంది.

కనిపించింది చెప్పడంతో పని పూర్తయిందా అంటే, కాలేదు. ఫొటోగ్రాఫర్ రాబర్ట్ ఫ్రాంక్ 1955లో గుగ్గెన్‌హైమ్ ఫెలోషిప్ అందుకుని అమెరికా అంతా తిరిగాడు. సుమారు 27,000 ఫ్రేములు తీసి, అందులోంచి 83 మాత్రం ఎంచి 'ది అమెరికన్స్' పుస్తకం చేశాడు. 1958లో పారిస్‌లో, మరుసటి ఏడాది న్యూయార్క్‌లో అది వచ్చింది. అప్పట్లో పేరున్న ఒక ఫొటో పత్రిక సమీక్షకులు దాన్ని చీల్చి చెండాడారు. మసక, గరుకు, మురికి వెలుగు, ఒరిగిపోయిన హొరైజన్లు అని వేలెత్తి చూపారు. వాళ్లు చూసింది తప్పు కాదు, అవన్నీ ఆ ఫొటోల్లో ఉన్నాయి. కానీ అవి ఎందుకున్నాయని వాళ్లు అడగలేదు. పరుగులో, చీకట్లో, పక్క చూపులో ఆ దేశం ఎలా కనిపిస్తుందో ఫ్రాంక్ ఆ మసకతోనే చెప్పాడని తర్వాతి తరాలు గుర్తించాయి. సూత్రాల మీద మరీ భారం వేసేవాళ్లు ఇక్కడ ఇంకో సంగతి గమనించాలి. ఫ్రేమును మూడు వంతులుగా విడగొట్టి చూడమంటూ మన క్లబ్బుల్లో రోజూ వినిపించే రూల్ ఆఫ్ థర్డ్స్‌కు ఆ పేరు 1797లో పల్లె దృశ్యాల మీద జాన్ థామస్ స్మిత్ రాసిన పుస్తకంలో దొరుకుతుంది. అప్పటికి కెమెరాతో ఎవరూ ఫొటో తీయలేదు. అది చిత్రకారుడికి ఇచ్చిన సలహా. కొత్తగా నేర్చుకునేవాడికి ఇప్పటికీ పనికొస్తుంది, కాదనను. కానీ సలహాను చట్టంగా మార్చి తీర్పు చెప్పకూడదు. కనిపించింది చెప్పాక వేయాల్సిన అడుగు ప్రశ్న: 'ఇది ఇలాగే ఉండాలనుకున్నావా?'

అమెరికన్ నృత్య దర్శకురాలు లిజ్ లెర్మన్ 1990 ప్రాంతంలో కళాకారుల కోసం ఒక పద్ధతి తయారుచేసింది. అందులో నాలుగు మెట్లు. చూసినవాళ్లు తమకు అర్థవంతంగా తోచింది చెబుతారు. తర్వాత కళాకారుడు తన సందేహాలు అడుగుతాడు. ఆ తర్వాత చూసినవాళ్లు తీర్పు కలపకుండా ప్రశ్నలు వేస్తారు. చివరికి, కళాకారుడు సరేనంటేనే, అభిప్రాయం చెబుతారు. నాట్యానికి పుట్టిన ఈ వరుస ఫొటోకు చక్కగా సరిపోతుంది. ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. ఫొటో తనంతట తాను మాట్లాడాలి గానీ, తీసినవాడి ఉద్దేశం అడిగి అర్థం చేసుకోవడమేమిటి అని. దానికి జవాబు ఆ వరుసలోనే ఉంది. ముందు తీసినవాడు నోరు విప్పడు. ఎక్కడ తీశాడో, ఎంత కష్టపడ్డాడో చెప్పడు. ఫొటో ఏం మాట్లాడిందో చూసినవాళ్ల నోట వింటాడు. ఆ తర్వాతే ఉద్దేశం సంగతి. తను చెప్పాలనుకున్నదానికీ, ఫొటో చెప్పినదానికీ మధ్య ఎంత దూరముందో కొలుచుకోవడానికి అంతకంటే మంచి మార్గం నాకు తోచదు. బోనం ఫొటో తీసినవాడికి కావాల్సింది దీపమా, ఆ ముఖమా, లేక పండగ నడుమ వెలిగే ఆ సెల్‌ఫోనేనా? జవాబును బట్టి సలహా మారిపోతుంది. సెల్‌ఫోనే కావాలనుకుంటే దాన్ని అంచున నరికేయడం తప్పు. దీపం కావాలనుకుంటే ఆకాశం తప్పు.

కొత్తవాళ్లు నొచ్చుకుంటారు, వాళ్లకు నాలుగు మంచి మాటలు చాలు అనేవాళ్లున్నారు. ఆ దయను నేను గౌరవిస్తాను. నలుగురిలో ఎగతాళికి గురై కెమెరా అటకెక్కించినవాడు మళ్లీ దాన్ని దించడు. కానీ 'సూపర్' దయ చూపినట్టు అనిపిస్తుందే గానీ, ఎక్కువ రోజులు నిలవదు. పది ఫొటోలకూ అదే మాట వస్తే, పదింటిలో ఏది ఒక మెట్టు పైన ఉందో ఎలా తెలుస్తుంది? మెచ్చుకోవాలంటే అంగుళం చూపించి మెచ్చుకోండి. 'ఆవిడ కనుబొమల దగ్గర పడిన నీడ వల్ల కళ్లు లోతుగా కనిపిస్తున్నాయి, అది బాగా పట్టుకున్నావు' అన్న మాట కొత్తవాడు ఏళ్లు గడిచినా దాచుకుంటాడు. రేపు ఆ నీడ కోసం వెతుక్కుంటాడు. ఇక నొప్పి సంగతి. 'నువ్వు చూసుకోలేదు' అన్నప్పుడు వేలు మనిషి వైపు తిరుగుతుంది. 'నా కన్ను ఇక్కడ తప్పిపోయింది' అన్నప్పుడు ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఫొటో వైపు చూస్తారు.

మనమూ నేర్చుకునేవాళ్లమే, ఇంకొకరికి చెప్పే అర్హత మనకెక్కడిది అన్న సంకోచం ఇంకొకటి. చరిత్ర చూస్తే ఈ కళ మన దేశంలో వేళ్లూనుకున్నదే ఔత్సాహికుల వల్ల. 1850ల మధ్యలో బొంబాయి, కలకత్తా, మద్రాసుల్లో పుట్టిన ఫొటోగ్రాఫిక్ సొసైటీల్లో ఉద్యోగులూ వైద్యులూ సైనికాధికారులూ సభ్యులు. పనివేళల తర్వాత కెమెరా పట్టినవాళ్లే, తమ ప్రింట్లు తెచ్చి తోటివాళ్ల ముందు పెట్టినవాళ్లే. ఆరో నిజాం కొలువులో ఫొటోగ్రాఫర్‌గా పేరు మోసిన రాజా దీన్‌దయాళ్ కూడా ఇందోర్‌లో ప్రజాపనుల శాఖ ఉద్యోగం చేస్తూ ఇష్టంతో కెమెరా పట్టినవాడే. పైగా తీర్పు చెప్పడానికి అర్హత కావాలేమో గానీ, కనిపించింది చెప్పడానికి శ్రద్ధ చాలు. మన అలంకారశాస్త్రం ఇలాంటివాడికి సహృదయుడని పేరు పెట్టింది. కావ్యాలతో పదే పదే మెలగడం వల్ల మనసు అద్దంలా శుభ్రపడినవాడే సహృదయుడని అభినవగుప్తుడి భావన. అద్దం తీర్పు చెప్పదు, ఎదురుగా ఉన్నది చూపిస్తుంది. ఆ శుభ్రత అలవాటు వల్ల వస్తుంది, ఎవరికైనా వస్తుంది.

నాకు బరువుగా తోచే అభ్యంతరం చివరిది. గుంపులో చర్చించుకుంటూ పోతే అందరి ఫొటోలూ ఒకేలా తయారవుతాయని. ఇది నిజంగా జరుగుతోంది. పొద్దుటి బంగారు వెలుగులో వల విసిరే జాలరి, మంచులో ఒంటరి చెట్టు, ముడతల ముఖంతో ముసలవ్వ. పోటీల్లో దేనికి మార్కులు వస్తాయో, దేనికి చప్పట్లు పడతాయో తెలిశాక చెయ్యి అటే పోతుంది. కానీ ఆ అచ్చు పోసింది మార్కులూ మెచ్చుకోళ్లే. కనిపించింది చెప్పే పద్ధతిలో ఆ అచ్చు పనిచేయదు. 'ఈ జాలరిని చూడగానే ఇదివరకు చూసిన జాలరి ఫొటోలు గుర్తొచ్చాయి, ఈ మనిషి మాత్రం కనిపించలేదు' అని నిజాయితీగా చెప్పగలిగినవాడు ఒక్కడుంటే చాలు, తీసినవాడు రేపు వల వదిలి ఆ మనిషి చేతుల దగ్గరకు వెళ్తాడు.

ఇంత చేసినా చూపించిన ఫొటో మారదు. బోనాలు అయిపోయాయి, ఆవిడ ఇంటికి వెళ్లిపోయింది, ఆకాశం తెల్లగానే ఉండిపోయింది. క్రాప్ చేసి ఆ చేతిని తీసేయవచ్చు, పోయిన దీపాన్ని తేలేం. మరి ఈ మాటల ఫలం ఎక్కడుంది? తీసినవాడిలో సగం, చెప్పినవాడిలో సగం. సెల్‌ఫోన్ తెర తన చూపును లాగిందని నోటితో చెప్పినవాడు తన కెమెరా ఎత్తినప్పుడు అంచులు చూసుకోకుండా ఉండలేడు. ఎదుటివాడి ఫొటో దగ్గర ఆగిన ప్రతిసారీ అతని కన్ను కూడా పదునెక్కింది. మళ్లీ ఆషాఢం వస్తుంది. అదే వీధి, అదే ఎండ. బోనం దగ్గరపడే వేళకు ఆ ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోకుండానే ఒక అడుగు ఎడమకు జరుగుతారు, మోకాళ్లు నిటారుగా చేసి కెమెరా కాస్త పైకెత్తుతారు. దీపం వెనక్కి ఆకాశం బదులు నీడలో ఉన్న ఒక గోడ వస్తుంది. మంట కనిపిస్తుంది.