రానిదాన్ని చూపించే కార్డు

పుస్తకం ఒకసారి కొని, నంబరు వేసి అల్మారాలో పెడితే పని అయిపోతుంది. జర్నల్‌తో అలా కాదు. ఏడాది చందా ముందే కట్టేస్తాం. సంచికలు మాత్రం నెలకో, మూడు నెలలకో ఒక్కొక్కటే పోస్టులో రావాలి. మధ్యలో ఒకటి తప్పిపోతే ఎవరూ వచ్చి చెప్పరు. ఏడాది చివర బైండింగుకి పంపబోతే తెలుస్తుంది, మూడో సంచిక లేదని. అప్పుడు అడిగితే ప్రతులు అయిపోయాయని జవాబు రావచ్చు. ఆ సంపుటి ఎప్పటికీ వెలితితోనే మిగిలిపోతుంది.

వచ్చినవాటిని రాసుకోవడానికి ఒక రిజిస్టరు చాలు. రానివాటిని పట్టుకోవడం ఎలా? ఎస్.ఆర్. రంగనాథన్ రూపొందించిన మూడు కార్డుల పద్ధతి దీనికి జవాబు. ఆయన లెక్కల అధ్యాపకుడు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయ బాధ్యత చేపట్టారు. ఈ పద్ధతిలో లెక్కల మాస్టారి పొదుపు కనిపిస్తుంది.

ప్రతి జర్నల్‌కూ మూడు కార్డులుంటాయి. పేర్ల అక్షరక్రమంలో ఉండే రిజిస్టర్ కార్డు మీద చందా వివరాలు, అందిన సంచికలు రాస్తారు. వర్గ సంఖ్యల వరుసలో ఉండే సూచిక కార్డు, ఏ విషయం మీద ఏ జర్నల్ ఉందో, ఏ సంపుటాలు ఉన్నాయో చెబుతుంది. ఈ రెండూ అవసరమే. కానీ అసలు పనితనమంతా మిగిలిన చెక్ కార్డులో ఉంది.

చెక్ కార్డులు పేర్ల వరుసలో ఉండవు, సంచిక రావలసిన వారం వరుసలో ఉంటాయి. ట్రేలో వారానికొక గైడ్ కార్డు నిలబెడతారు. ఒక మాసపత్రిక జూలై మొదటి వారంలో రావాలంటే దాని చెక్ కార్డు ఆ వారం గైడు వెనక ఉంటుంది. సంచిక అందిన రోజే కార్డు తీసి, తేదీ వేసి, ఆగస్టు మొదటి వారం వెనక్కి మారుస్తారు. అంతే. వారం గడిచాక ఆ గైడు వెనక ఇంకా ఏ కార్డులు మిగిలాయో, అవే రాని సంచికలు. రిజిస్టరులో అరవై జర్నళ్ల పేజీలు తిరగేయక్కర్లేదు. మిగిలిన నాలుగైదు కార్డులు తీసి ప్రచురణకర్తకో ఏజెంటుకో రిమైండరు రాసి, ఆ తేదీ కూడా కార్డు మీదే వేస్తే చాలు.

లేని వస్తువుని కంటికి కనబడేలా చేయడం ఎంత గొప్ప ఆలోచన! నేడు కోహా వంటి గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ కూడా రావలసిన తేదీని ముందే లెక్కగట్టి, ఆలస్యమైన సంచికలను వేరుగా చూపిస్తుంది. చెక్ కార్డు చేసే పని సరిగ్గా ఇదే.

ఈ పద్ధతి కోరేది ఒక్కటే క్రమశిక్షణ: సంచిక వచ్చిన పూటే కార్డు కదలాలి. కదపకపోతే వచ్చినది కూడా రానట్టే కనిపిస్తుంది.

ఒక్కరే లైబ్రేరియన్ ఉన్న కాలేజీల్లో, కంప్యూటర్ ఉన్నా లేకపోయినా, తెప్పించేవి పాతిక జర్నళ్లే అయినా, ఒక ట్రే, గుప్పెడు కార్డులు పెట్టి చూడండి. చందా కట్టిన ప్రతి సంచికా పాఠకుడి చేతికి చేరాల్సిందే.