పరకల పాట

వరద తీసి కృష్ణమ్మ తేరుకున్న రోజుల్లో బీచుపల్లి రేవుకు రండి. ఆంజనేయస్వామిని దర్శించుకుని మెట్లు దిగి, మోకాటిలోతు నీళ్ల పక్కన కాసేపు కూర్చోండి. ఎండ ఏటవాలుగా పడుతూండాలి, గాలి నిలిచి ఉండాలి. మొదట కనబడేవి అడుగున రాళ్లు, వాటి మీద పచ్చని పాచి. కన్ను నీటికి అలవాటు పడ్డాక ఆ పాచి మీద సన్నని నీడలు జాడ తెలుపుతాయి. నీడలకు పైన, ఏటి రంగునే ఒంటి రంగుగా చేసుకుని, ఏటికి ఎదురుగా మూతులు నిలిపి, నిలకడే ఈతగా... పరకలు!

ఇంతలో కొంగ నీడ ఒకటి నీటి మీదుగా జారుతుంది. మంద మొత్తం ఒక్క ఒరుగు ఒరుగుతుంది. నల్లని వీపులు మాయమై పక్కలన్నీ ఒక్కసారే ఎండకు తిరుగుతాయి. ఏటి గర్భంలో వెండి భగ్గుమని, మరుక్షణం ఆరిపోతుంది. తాళం వేసినవారు లేరు, తప్పినవారూ లేరు! ఒంటి పక్కన పొలుసుల వరుసలో సూదిమొన బెజ్జాలుంటాయి. తోటి చేప తోక ఆడిస్తే పుట్టే నీటి కదలికను పరక వాటితోనే పసిగడుతుంది. కంటి చూపు, ఒంటి స్పర్శ కలిసి పలికే ఆ మలుపును ఎన్నిసార్లు చూసినా గుండె ఝల్లుమంటుంది.

ఇక దోసిట్లోకి ఒక్కదాన్ని తీసుకుని చూడండి. వేలెడంత ఒళ్లు, మీసాల్లేని నునుపు మూతి. తోక మొదట కాటుకతో దిద్దినట్టు గుండ్రని నల్లబొట్టు, వీపు రెక్క మొదట మరో మచ్చ. పొలుసుల వెండి పూతరంగు కాదు. చర్మంలో పొరలు పొరలుగా పేరుకున్న పలుచని స్ఫటికాలు వెలుగును తిప్పికొట్టడం వల్ల పుట్టే తళుకు. అందుకే పొద్దుటి ఎండలో లేతగా, మబ్బు కమ్మితే సీసంలా, సందె వేళ కుంకుమ కలిసిన పాలలా కనిపిస్తుంది. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపల మీద వెలువరించిన గ్రంథంతో ఈ చేపకు శాస్త్రలోకంలో చోటు దక్కింది. ఇవాళ్టి శాస్త్రనామం పుంటియస్ సొఫోర్.

దాని అసలు సింగారం తొలకరిది. వానలు పడి వాగులు ఎర్రగా పొంగినప్పుడు మగపరక పక్కన అరుణరేఖ ఒకటి విచ్చుకుంటుంది. నది విడిచి వాగులోకి, వాగు విడిచి మునిగిన గడ్డిలోకి, వేలెడంత ప్రాణం వరదకు ఎదురెక్కుతుంది. ఆడపరక గడ్డిపోచలకు, నాచుతీగలకు అంటుకునే గుడ్లు పెడుతుంది. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ నడిగడ్డలో వానకాలానికి ఇంతకన్నా ధీరమైన అందం ఏముంది!

పరకల రుచి ఎరిగినవారికి వేరే చెప్పక్కర్లేదు. కరకరలాడేలా వేపి ముళ్లతో సహా నమిలినా, చింతపులుసులో మరిగించి మర్నాటి దాకా ఆగి తిన్నా, ఏటి తీపి నాలుక మీద నిలుస్తుంది. పెద్ద చేప ముక్క దర్జా దానిది. పరకది నది మొత్తాన్ని ఒక్క కబళంలో అందించే చనువు.

తెలంగాణ జలాశయాల్లో బొచ్చె, రవ్వ పిల్లలను ఉచితంగా వదిలే పథకం 2016లో మొదలైంది. పరకకు అలాంటి పోషకులెవరూ లేరు. తన గుడ్లే తన రేపు. కనుక వలలు వేసే అన్నలకు, సరదాకు వాగు దిగే పిల్లలకు ఒక్క మనవి: తొలి వరదకు ఎదురెక్కే పరకలకు దోమతెరలు అడ్డం కట్టకండి. గుడ్లు పెట్టి దిగిపోనివ్వండి. ఆ నాలుగు రోజులు ఓపిక పడితే, ఏడాది పొడవునా రేవుకు వెండి, కంచానికి పులుసు, రెండూ దక్కుతాయి.