చెయ్యి లేస్తే చాలు

ఈ వారం శామీర్‌పేట నుంచి ఒక పాఠకురాలు ఫోన్ చేసింది. అమెరికా వెళ్లిపోతున్న పక్కింటివాళ్లు తమ సన్ కన్యూర్ చిలకను పంజరంతో సహా ఆమెకు అప్పగించి పోయారట. "అన్నా, గిన్నె మారుద్దామని చెయ్యి పెడితే చాలు, మూలకు పోయి ఒకటే ఒర్లుడు, కరుసుడు. టవల్‌ల చుట్టి అరగంట గట్టిగ పట్టుకుంటే దారికొస్తదంటున్నరు. చెయ్యాల్నా?"

ఒళ్లు మండింది. ఆమె మీద కాదు, ఆ సలహా ఇచ్చినవాళ్ల మీద. అలా పట్టుకుంటే పిట్ట కదలకుండా పడి ఉంటుంది, నిజమే. తప్పించుకునే దారి లేదని తెలిసి ఊరుకోవడాన్ని మాలిమి అంటారా?

పంజరాలతో నా గొడవ మీకు కొత్త కాదు. రామదాసు గోల్కొండ చెరలో పన్నెండేళ్లు మగ్గింది కిందటి జన్మలో చిలకను బంధించినందుకేనన్న కథ ఇక్కడ ఎన్నిసార్లు చెప్పానో లెక్క రాసుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ ఊపులోనే, "పిట్ట భయం పిట్టది, దాని జోలికి పోకమ్మా" అనబోయాను.

ఎందుకంటే చెయ్యి అంటే ఏమిటో చిలకలకు నేర్పింది మేమే. మేడ్చల్ దగ్గర జొన్నచేను పాలుపోసుకునే వేళకు మంచె మీద వడిసెలతో కాపలా కూర్చునేవాళ్లం. పచ్చటి గుంపు అరుచుకుంటూ దిగేది, కంకిలో సగం తిని సగం రాల్చేది. తర్వాత అనాబ్-ఎ-షాహీ పందిళ్లు వచ్చాయి. డబ్బాల మోత, టపాకాయలు, వలలు వచ్చాయి. వలలో చిక్కినదాన్ని పెద్దవాళ్లు కండువా వేసి పట్టేవారు. గట్ల మీద మనిషి తిరుగుతుంటే చిలకలు పట్టించుకునేవి కావు. చెయ్యి లేచిందా, గుంపంతా లేచేది. చేతిలో రాయి ఉందో లేదో చూసుకునేది కాదు. తోటలు వెంచర్లయ్యాయి కానీ, ఆ తెలివి తక్కువదని నేనిప్పటికీ అనను.

అయితే ఈ కన్యూర్‌ది గయానా, ఉత్తర బ్రెజిల్ వైపు. శామీర్‌పేట చెరువుగట్టున వదిలేస్తే బతకదు. ఇంట్లో మాత్రం ఇరవై ఏళ్లకు పైగా బతకొచ్చు. అన్నేళ్లూ గోరు పెరిగినా, జబ్బు చేసినా మళ్లీ టవలేనా? తిరిగి లోపలికి పంపలేమని భయపడి ఎవరూ తలుపు తీయరు. చేతి భయం దాని పంజరాన్ని ఇంకా ఇరుకు చేస్తుంది. అంచేత నా పాట ఆపి, పద్ధతి చెప్పాను.

చెయ్యి ఎంత దూరాన ఉంటే పిట్ట తిండి ఆపదో ముందు కనిపెట్టాలి. ఈకలు ఒంటికి అతుక్కుని మెడ సాగినా, కంటిపాప గబగబా చిన్నదీ పెద్దదీ అవుతున్నా హద్దు దాటినట్టే. హద్దుకు ఇవతలే ఆగి, గిన్నెలో ఒక పొద్దుతిరుగుడు గింజ వేసి వెనక్కి వచ్చెయ్యాలి. గింజ కన్నా ఆ రావడమే ముఖ్యం. కరవకుండానే చెయ్యి పోతుందని దానికి తెలియాలి. తర్వాత ఒక పుల్ల. కొసకు ముక్కు తాకిస్తే గింజ. పుల్లను పొట్టి చేస్తూ పోతే చెయ్యి దానంతటదే దగ్గరవుతుంది. పైనుంచి మాత్రం రాకూడదు, గద్ద వచ్చేది అటునుంచే. పొట్టకు వేలు నొక్కి "ఎక్కు, ఎక్కు" అని తొందరపెట్టే అలవాటు నాకు అస్సలు గిట్టదు. మామూలు మేతలోంచి పొద్దుతిరుగుడు తీసేయాలి. అలాగని పస్తులు పెట్టకూడదు.

ఇదంతా రామచిలుకకు పనికిరాదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం దాన్ని ఇంట్లో పెంచడమే నేరం. ఎవరైనా తెచ్చిస్తే అటవీశాఖకు అప్పగించాలి. మళ్లీ ఎగరాల్సిన పిట్టకు ఆ భయం ఉండాల్సిందే. కన్యూర్‌కూ కాగితాలున్నాయి. 2022 సవరణ తర్వాత ఇలాంటి విదేశీ పక్షి చేతులు మారితే పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయించాలి.

"చేతి మీదికి ఎప్పుడెక్కుతదన్నా?" అంది చివరికి.

ఎక్కకపోయినా నష్టం లేదన్నాను. కర్ర మీదికెక్కి, తనంతట తానే డబ్బాలోకి నడిస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లొచ్చు.