పూర్ణహృదయ సాధనము

రాజమహేంద్రవరమనగానే తెలుగువారి మనస్సునకు నన్నయభట్టారకుని భారతరచనయు, కందుకూరి వీరేశలింగముగారి సంస్కారోద్యమమును, పండ్రెండేండ్ల కొకమాఱు రేవులన్నిటిని కిక్కిరియజేయు పుష్కరములును స్ఫురించుట సహజము. ఆ మహాస్మృతుల నీడలో, పత్రికలకు విశేషముగా తోపకయు, చరిత్రకారుల గ్రంథములలో ఒకటి రెండు పుటలను మించి చోటు సంపాదింపకయు, నూటయెనుబదియేండ్లుగా ఈ నగరమునందును, దీనికి దిగువనున్న డెల్టా గ్రామములయందును నిరాడంబరముగా సాగుచున్న సాధన యొకటి కలదు. అది ఇచ్చటి క్రైస్తవుల భక్తిసాధన.

దేవుని ప్రేమింపవలసిన తీరును విధించుచు ద్వితీయోపదేశకాండము ఆఱవ యధ్యాయము హృదయము, ఆత్మ, బలము అను మూడింటిని పేర్కొని, మూడింటికిని పూర్ణత్వమును నియమించినది. మార్కు సువార్తలో క్రీస్తు ఆ యాజ్ఞనే జ్ఞప్తికి తెచ్చుచు వివేకమును గూడ చేర్చెను. ఆజ్ఞ యింత స్పష్టముగా నున్నను ఉపాయమందు చెప్పబడలేదు. మనుష్యుని హృదయమా, ఒక్క నిమిషమైనను ఒక్కచోట నిలుచునది కాదు. సగము చేనిమీదను, పావు వడ్డీలెక్కమీదను, తక్కినది పొరుగువాని గోడమీదను తిరుగుచుండును. ఇట్లు ముక్కలై చెదరియున్నదానిని ఒకచోటికి గూర్చి, కొఱతలేకుండ ఒకరి పాదములయొద్ద నుంచుట యెట్లు? ప్రసంగపీఠము నుండి పూర్ణభక్తిని గూర్చి వర్ణించుట సులభమే. దానిని చదువురాని కూలివానికి నేర్పుటకు పద్ధతి కావలెను. గోదావరీతీర క్రైస్తవులు అట్టి పద్ధతులను కల్పించుకొనిరనియు, భక్తిని ఉద్రేకమునకు వదలివేయక అభ్యాసమునకు లోబఱచిరనియు, వారి సంప్రదాయమునకు గల విలువ యందే యున్నదనియు నా అభిప్రాయము.

పూర్వచరిత్రను క్లుప్తముగా చెప్పవచ్చును. 1836లో ఇంగ్లండునుండి బౌడెను, బీరు అను ఇరువురు సామాన్యగృహస్థులు భార్యలతో గూడ బయలుదేఱి వచ్చి, తరువాత పాలకొల్లు, నరసాపురము ప్రాంతములలో కాపురముండి గోదావరి డెల్టా మిషనుకు పునాది వేసిరి. తరువాతి దశకమున ఉత్తరజర్మనీ మిషనువారు రాజమహేంద్రవరమున పని ప్రారంభించి, కొన్ని యేండ్లకే దానిని అమెరికా లూథరనుల కప్పగించిరి. ఆ లూథరనులును 1869లో చేతులెత్తివేయ నుద్యుక్తులై, రాజమహేంద్రవర క్షేత్రమును ఆంగ్లికను మిషనువారికి ధారపోయదలచిన సమయమున, అంతకుముందు రెండు పర్యాయములు ఆంధ్రదేశమున పనిచేసి స్వదేశమునకు మరలియున్న హయ్యరు అను వృద్ధుడు ‘నేను పోయెదను’ అని ముందుకు వచ్చెను. అప్పటికాయన వయస్సు డెబ్బదియాఱు. వచ్చెను, రెండేండ్లు నిలిచి పనిని నిలబెట్టెను, తిరిగిపోయి 1873లో కాలధర్మము నొందెను.

హయ్యరు కథను ఇచ్చటి లూథరనులు పూర్ణసమర్పణమునకు నిదర్శనముగా చెప్పుకొందురు, చెప్పుకొనదగినదే. అయినను ఇట్టి గాథలలో ఒక చిక్కున్నది. ఓడ యెక్కవలసిన దినము జీవితమున ఒకటి రెండుసార్లు మాత్రమే వచ్చును. ఆ దినమున వీరుడగుట కష్టమే కాని, అందఱి కన్నులును తనమీద నుండుటచేత కొంత సుకరము. సోమవారము ఉదయమున, చూచువా రెవరును లేనిచోట, పొయ్యి రాజేయుచుగాని ఊడ్పుచేలో వంగియుండిగాని హృదయమును నిలుపుకొనుట వేఱు విద్య. ఆ విద్యకు ఈ దేశమున మొదటి ఒజ్జ కీర్తన.

తెలుగు క్రైస్తవ కీర్తనకు మార్గదర్శి పురుషోత్తమ చౌధురి. ఆయన 1803లో గంజాము సీమయందు వంగమూలముగల బ్రాహ్మణకుటుంబమున జన్మించి, 1833లో కటకమున బాప్తిస్మము పొంది, 1890లో మృతినొందువఱకు తెలుగున కీర్తనలును, శతకమును, వాదగ్రంథములును రచించెను. కులాచారములను విమర్శించి ఒక ప్రత్యేక గ్రంథమునే వ్రాసినవాడాయన. తాను పుట్టిన సంప్రదాయమున అనేకమును విడిచినను రాగతాళములను మాత్రము విడువలేదు. దొరలు తెచ్చిన బాణీలకు తెలుగు మాటలను బిగింపబోయినప్పుడు హ్రస్వము దీర్ఘమై, దీర్ఘము హ్రస్వమై, పాడువాని నోట పదము విఱిగిపోవుచుండెను; నోట విఱిగిన పదము హృదయమున దిగునా? చౌధురియు, ఆయన వెనుక వచ్చినవారును పదకీర్తనల బాట పట్టిరి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమును తెఱచినచో నేటికిని అనేక కీర్తనల తలమీద రాగమును తాళమును అచ్చువేసియుండును. మోహన, బిలహరి, ముఖారి, ఆనందభైరవి వంటి పేళ్లు చూచి అది సంగీతగ్రంథమని భ్రమించుట కవకాశము కలదు.

ఆ నిర్మాణమును కొంచెము పరికింపవలెను. పల్లవి, అనుపల్లవి, పిదప చరణములు. ప్రతి చరణము ముగియగానే మరల పల్లవి. ఇది సంగీతవిద్వాంసులకు క్రొత్త సంగతి కాదు. క్రైస్తవకీర్తనలో ఈ యమరికకు ఒక ప్రత్యేకప్రయోజనము సిద్ధించినది. చరణములు పలుతావుల లేఖనకథను వరుసగా నడిపించును: గెత్సేమనే తోట, పిలాతు సభ, సిలువమార్గము, సమాధి. పల్లవి కథను ఆపి, పాడువానిని తనవైపు చూచుకొనుమనును. పడవ ప్రతి యూరి సరకును దించి మరల తన రేవునకే వచ్చి కట్టబడునట్లు, మనస్సు ఒక్కొక్క దృశ్యమును దర్శించి పల్లవియొద్దకు మరలివచ్చును. పది చరణముల కీర్తన పాడునప్పటికి పదిమాఱులు చెదరి పదిమాఱులు కూడుకొనుట యలవాటగును. చెదరుటను తప్పుగా నెంచి గద్దించుట గాక, మరలివచ్చు మార్గమును పాటలోనే అమర్చియుంచుట యందలి నేర్పు.

వేఱొక నేర్పు మనస్సునే సంబోధించుట. గోదావరి కెగువను భద్రాచలమున కంచెర్ల గోపన్నయు, కావేరీతీరమున త్యాగరాజస్వామియు తమ మనస్సును ఎదుట కూర్చుండబెట్టుకొని బుజ్జగించియు, మందలించియు పాడిరి. తెలుగు క్రైస్తవకవి దావీదు కీర్తనలను చదివినప్పుడు అచ్చటను భక్తుడు తన ప్రాణమునే పిలిచి స్తుతింపుమని ప్రేరేపించుట కనిపించెను. రెండు పాయలు ఇచ్చట సహజముగా కలిసినవి. వినువారికి నీతి చెప్పుటకు పూర్వము తన మనస్సునకు చెప్పుకొను ఈ పద్ధతివలన, బోధకుని గర్వము కొంతయైనను అణగుననుటలో సందేహము లేదు. (అందఱు బోధకులును కీర్తనలు పాడుదురని నేనంటలేదు.)

చదువు లేని సంఘమునకు ఇవి యెట్లబ్బినవనగా, ఒకడు చరణమును పాదముపాదముగా నందించును, తక్కినవారు దానిని తిరుగ పాడుదురు. చేతితాళములు, డోలకు, ఉన్నచోట హార్మోనియము. ఆదివారము విన్నది బుధవారపు గృహకూటమున మరల పాడి, శనివారమునకు కంఠస్థము చేయుదురు. అక్షరమెఱుగని ముసలమ్మలకు కీర్తనలు పుస్తకము తడుముకొను పాదిరికంటె నిర్దుష్టముగా వచ్చియుండుట డెల్టా గ్రామములందు వింత కాదు. ఇప్పుడు మైకులును కీబోర్డులును వచ్చి, వేదికమీద నొకరు పాడుచుండగా సంఘము కూర్చుండి వినుట పెరుగుచున్నది. వాద్యముల మీద నాకు ద్వేషము లేదు. వినికిడి యెంత మధురమైనను పాడినదానితో సమానము కాదనియే నా వాదము. ఊపిరి పట్టి, తాళము వేసి, పదమును మోసినవానికి కలుగు ఫలము శ్రోతకు కలుగదు.

నోటితో సాగు ఈ సాధనకు తోడుగా, మౌనముతో సాగు మఱియొక సాధన రాజమహేంద్రవర పరిసరములందే రూపు దాల్చినది. జేగురుపాడున జన్మించిన ముంగమూరి దేవదాసుగారు చిరకాలము లూథరను సంఘమున ఉపదేశకులుగా నుండిరి. బ్రహ్మచారి, నిరాడంబరుడు, తానును కీర్తనకారుడు. 1938 జనవరి 31వ తేదీని తమకు దైవదర్శనమైనదని ప్రకటించి, సంఘమును వదలి, ‘బైబిలు మిషను’ అను పేర క్రొత్త సమాజమును నెలకొల్పిరి. 1960 ఫిబ్రవరిలో పరమపదించిరి. అనుయాయులు ఆయనను ‘అయ్యగారు’ అనియే పిలుతురు; గుంటూరునొద్ద ప్రతి జనవరిలో జరుగు వారి మహాసభలకు వచ్చు జనసందోహము ప్రసిద్ధము.

అయ్యగారి మార్గమునకు జీవనాడి దైవసన్నిధిలో కనిపెట్టుట. దీనిని వారు మెట్లుమెట్లుగా నేర్పుదురు. మొదట మనోనిదానము: మోకరించి, కన్నులు మూసి, వచ్చుతలంపులను ఒక్కొక్కదానిని పంపివేసి మనస్సును శాంతపఱచుకొనుట. ఇది కుదురనిదే ముందుకు సాగవలదందురు; ఆవలిమెట్టునకు తొందరపడుట ఆరంభకుల దోషము. పిదప ఒప్పుకోలు, ‘నేను పాపిని’ అను స్థూలవాక్యముతో సరిపుచ్చక, నిన్నటి మాటను, నేటి యీర్ష్యను పేరుపెట్టి చెప్పుకొనుట. ఆ తరువాత సమర్పణ. శరీరమును, బుద్ధిని, కాలమును, కలిమిని దేవున కప్పగించుట. మనవులకు చోటున్నది, స్తుతికి చోటున్నది. ఇవన్నియు ముగిసినపిమ్మట సామాన్యులు ‘ఆమేన్’ చెప్పి లేచుచోట వీరు లేవరు. అచ్చటనే అసలు పని మొదలగును: ఇక తానేమియు పలుకక, దేవుడేమి తెలుపునో యని నిరీక్షించుట. కూటము ముగిసినప్పుడు తమకు స్ఫురించిన వాక్యమునుగాని, తోచిన దర్శనమునుగాని ఒకరికొకరు తెలుపుకొందురు.

ప్రార్థనయనగా విన్నపముల పట్టికయని తలచువారికి ఈ పద్ధతి విపరీతముగా తోచును. అయినను లోకమున దీనికి బంధువులు లేకపోలేదు. పదునేడవ శతాబ్దిలో పారిసు నగరమున మఠపు వంటశాలలో పనిచేసిన బ్రదరు లారెన్సు, గిన్నెలు కడుగుచు దైవసన్నిధిని స్మరించుట అభ్యసించెను. ఈజిప్టు ఎడారులలో ప్రాచీనతపస్వులు మౌనమునకు శిష్యులైరి. డెల్టాకూలియొక్క చేతికి ఆ విద్య వచ్చినదనుట సామాన్యవిషయము కాదు. ఏలయన విరామమును ధనవంతుల భోగముగా నెంచు లోకమిది. పగలెల్ల పరుల ఆజ్ఞలు వినువాడు రాత్రి యొక గంటసేపు ఎవరి యాజ్ఞయు లేక దేవుని యెదుట ఊరకయుండుట, అతని జీవితమున అతని స్వంతమైన గంట. ఇంత మేలున్నను నాకొక శంక మిగిలియున్నది. దర్శనము పరీక్షకు లొంగవలెను. తన కోరికయే దేవుని స్వరమను వేషమున వచ్చునప్పుడు మోకాళ్లమీద నున్నవాడు దానిని గుర్తింపలేకపోవచ్చును. వాక్యముతో సరిచూడని దర్శనమును నమ్మరాదని లూథరను గురువులు హెచ్చరించుట ఊరక కాదు.

ఆ లూథరనులు, క్రీస్తు ఆజ్ఞలో చేర్చిన వివేకమునకు ఇచ్చిన సాధనము చిన్న ప్రశ్నోత్తరి. 1529లో లూథరు గృహస్థులకొఱకు వ్రాసినది. ప్రభుభోజనమున కర్హులగుటకు ముందు బాలబాలికలు దానిని వల్లింతురు. మొదటి యాజ్ఞను వివరించుచు భయము, ప్రేమ, నమ్మిక అను మూడింటిని సర్వమునకు పైగా దేవునియందే యుంచవలెనని లూథరు చెప్పెను; తక్కిన ఆజ్ఞలన్నింటి వివరణలును ఆ భయప్రేమలతోనే మొదలగును. తొమ్మిదిమాఱులు మరలివచ్చు ఆ మాటలును ఒకవిధమగు పల్లవియే.

మిగిలినది బలము. తెలుగు బైబిలు పాఠకులు బలమనగా కండబలమనియే తలతురు గాని, సంపదయు అందు చేరునని పూర్వవ్యాఖ్యాతలనిరి. బీదసంఘమునకు సంపదయెక్కడిది? ఇచ్చటనే నాకు మిక్కిలి నచ్చిన పద్ధతి కనబడుచున్నది. అన్నము వండబోవునప్పుడు ఎసటిలో పోయదలచిన బియ్యమునుండి ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేఱొక కుండలోనో డబ్బాలోనో వేయును. ‘పిడికెడు బియ్యము’ అనియే దానికి పేరు. ఆ పిడికెడు మిగిలినదానినుండి తీసినది కాదు, వండకముందు తీసినది. వారము చివర గుడికి చేరిన ఆ బియ్యముతో ఉపదేశకుని జీతములో కొంతయు, దీపపు నూనెయు, గోడల సున్నమును గడచిన సంఘములు అనేకము. గింజలు తక్కువైననాడు ఆ పిడికిలి బిగిసిన తీరును ఆ తల్లియే యెఱుగును.

కోతలైనపిమ్మట వచ్చు పంటపండుగనాడు ఇదే తత్త్వము సందడిగా బయటపడును. వరికంకుల కట్టలు, గుమ్మడికాయలు, అరటిగెలలు, కొబ్బరికాయలు, కోళ్లు, ఒక్కొక్కప్పుడు మేకపిల్లయు బలిపీఠము ముంగిటికి వచ్చును. ఆరాధన ముగిసినపిదప ఆవరణలో వేలము. రూపాయి వస్తువు పది రూపాయలకు పోవును. కొన్నవాడు దానిని ఇంటికి కొనిపోక మరల అర్పించును. అది రెండవమాఱును వేలమునకు వచ్చును. పాటపాడువాడు హాస్యము పలుకుచు ధర పెంచును, పిల్లలు కోళ్లవెంట పరుగెత్తుదురు, కోశాధికారి చెట్టుక్రింద కూర్చుండి లెక్క వ్రాసికొనును. తెచ్చుటకేమియు లేని ముదుసలి ఒకతె తన పెరటి చిక్కుడుకాయలను కొంగున మూటగట్టి తెచ్చినచో, వాటిని గూడ తక్కినవాటి వరుసలోనే పెట్టి, వాటికిని పాట పాడించి, ధరను బిగ్గఱగా చదివి పద్దులో వ్రాయుదురు.