గుంటుపల్లి రాతి వాసాలు

ఏలూరు దాటి కామవరపుకోట దారి పడితే నేల రంగే మారిపోతుంది. కొల్లేటి చేపల చెరువులు, నల్లమట్టి వెనకబడి ఎర్రనేల మెట్ట మొదలవుతుంది. ఆ మెట్టలో, జీలకర్రగూడెం పక్కన, గుంటుపల్లి ఇసుకరాతి కొండ.

ఇసుకరాతి తోరణాలంటే లోకానికి గుర్తొచ్చేది అమెరికాలోని యూటా ఎడారి. అక్కడి ఆర్చెస్ నేషనల్ పార్కులో రెండు వేలకు పైగా సహజ తోరణాలున్నాయి. నీరూ మంచూ యుగాల తరబడి రాతిని తొలిచి నిలబెట్టినవి. గుంటుపల్లిలోనూ ఇసుకరాయే, తోరణాలే. కాకపోతే ఇక్కడ తొలిచింది ఉలి. క్రీస్తుకు పూర్వమే బౌద్ధ భిక్షువుల కోసం పట్టిన ఉలి.

కొండలో తొలిచిన బౌద్ధుల ప్రార్థనా మందిరం, చైత్యగృహం. దాని వాకిలి ముందు నిలబడండి. నెత్తిన గుర్రపు లాడంలా వంగిన తోరణం. వంచిన కర్రతో అల్లినట్టే ఉంటుంది. బిహార్‌లో బరాబర్ కొండల మీది లోమస్ రుషి గుహ వాకిలికి ఇది దగ్గరి చుట్టం. లోపల గుండ్రని గది, నడుమ స్తూపం, చుట్టూ ప్రదక్షిణకు ఇరుకు దారి. ఆ స్తూపాన్నే చుట్టుపక్కల ఊళ్లవారు ధర్మలింగేశ్వరుడని కొలుస్తారు. ఎంత చక్కని కొనసాగింపు!

చీకటికి కళ్లు అలవాటు పడ్డాక తల పైకెత్తండి. వాసాలు! గోడ అంచు నుంచి నడికప్పు దాకా వంపు తిరిగి సాగిన వాసాలు. అన్నీ రాయే. పైన ఉన్నది కొండ, దానికి వాసాల ఆసరా అక్కర్లేదు. అందులో ఒక్కటీ బరువు మోయదు. అయినా చెక్కారు. వాసం మిగలాలంటే దాని పక్కనున్న రాతినంతా తీసెయ్యాలి. ఒక్క దెబ్బ ఎక్కువ పడితే అతికే రాయి కాదు. అవసరం లేని చోట అంత ఓర్పు దేనికంటే, ప్రేమకే అంటాను నేను. అది తమ ఇంటి మీది ప్రేమ. మన కోస్తావాళ్లు కర్రతో, తాటాకుతో కట్టుకున్న చుట్టిల్లే ఈ గుడి. ఆ శిల్పి పుట్టి పెరిగిన ఇల్లు ఏ గాలివానకో ఏనాడో పోయి ఉంటుంది. దాని కప్పు మాత్రం ఇక్కడ నిలిచింది.

మహారాష్ట్రలోని కార్లే చైత్యంలో నిజం చెక్క వాసాలే బిగించారు, ఇప్పటికీ ఉన్నాయి. ఆ వైభవం ముందు గుంటుపల్లి చిన్నదే. అయినా నా ఓటు దీనికే. కార్లేలో తల వంచి నమస్కరిస్తాం, ఇక్కడ లోపలికొచ్చి కూర్చోవాలనిపిస్తుంది.

పక్కనే భిక్షువులు ఉండే గదులు, అంటే విహారాలు. వాటి వాకిళ్ల మీదా ఇవే తోరణాలు చిన్నవిగా కనిపిస్తాయి. గాలికీ వానకూ కొన్ని అరిగిపోయాయి. శిల్పి వదిలిన పని ఇప్పుడు ప్రకృతి చేతిలో ఉంది.

తాడేపల్లిగూడెం వైపు నుంచి ద్వారకాతిరుమల దర్శనానికి వచ్చేవారు ఇంకాస్త ముందుకు రండి. ఇసుకరాయి మెత్తన. దయచేసి గోడల మీద పేర్లు గీకకండి, పిల్లల చేత గీకనివ్వకండి.