మూకీల్లో వినిపించిన డబ్బు చప్పుడు

ఉన్నవాళ్లమ్మాయి, లేనివాళ్లబ్బాయి ప్రేమించుకుంటే మన సినిమాలో ఏం జరుగుతుంది? అమ్మాయి తండ్రి చెక్కుబుక్కు తీసి, నీకెంత కావాలో రాసుకోమంటాడు. అబ్బాయి రెండు పేజీల డైలాగు చెబుతాడు. ఈ అరుపులకు అలవాటుపడ్డ మనం చార్లీ చాప్లిన్ పనితనాన్ని ఒక్కసారైనా దగ్గరగా చూడాలి.

'సిటీ లైట్స్' వచ్చింది 1931లో, అప్పటికే ఊరంతా టాకీల మోజులో ఉంది. చాప్లిన్ మాత్రం నోరు విప్పలేదు. పూలమ్ముకునే అమ్మాయికి చూపు లేదు. చిరుగుల కోటు దేశదిమ్మరిని ఆమె ధనవంతుడనుకోవాలి. ఎలా? పోలీసును తప్పించుకోవడానికి అతను ఆగి ఉన్న పెద్ద కారులోకి ఒకవైపు ఎక్కి రెండోవైపు దిగుతాడు. తలుపు పడిన చప్పుడు విని ఆమె పువ్వు చాస్తుంది. చిల్లర వెతికేలోపు అసలు యజమాని కారెక్కి వెళ్లిపోతాడు. దొరబాబు చిల్లర వదిలేసి వెళ్లాడనుకుంటుంది అమ్మాయి. అక్కడే నిలబడ్డ మనవాడు, ఆ భ్రమ చెదరకూడదని మునివేళ్ల మీద పక్కకు తప్పుకుంటాడు. మాట లేని సినిమాలో చప్పుడుతో కథ నడపడమంటే మాటలా! ఈ ఒక్క సన్నివేశాన్ని 342 సార్లు తీశాడని చెబుతారు.

చాప్లిన్ తీసిన 'ఎ వుమన్ ఆఫ్ పారిస్' (1923) ఇంకా పదునైనది. పారిస్‌లో ధనికుడి చెంత సుఖంగా ఉన్న మేరీ ఇంటికి పాత ప్రియుడు వస్తాడు. పనిమనిషి సొరుగు లాగితే మగవాడి కాలరొకటి కింద పడుతుంది. అతనికి అంతా అర్థమైపోతుంది. మరోచోట మేరీ కోపంతో ముత్యాలహారాన్ని కిటికీలోంచి విసిరేస్తుంది. దారినపోయే బిచ్చగాడు దాన్ని అందుకోగానే పరుగెత్తుకెళ్లి లాక్కుంటుంది. ఆత్మాభిమానమూ నిజమే, ముత్యాల మీద మమకారమూ నిజమే. అడాల్ఫ్ మెంజూ వేసిన ధనికుడు దుర్మార్గుడు కాడు, నవ్వుతూ సాక్సఫోన్ వాయిస్తుంటాడు. గ్రిఫిత్ తీసిన 'వే డౌన్ ఈస్ట్' (1920)లో మంచుగడ్డల మీద కొట్టుకుపోయే లిలియన్ గిష్‌కు ఎవరైనా చేతులెత్తి మొక్కాల్సిందే. కానీ గ్రిఫిత్‌కు డబ్బున్నవాడంటే ఉత్త విలన్. నా ఓటు చాప్లిన్‌కే.

క్లారా బో సంగతి చెప్పకపోతే పాపం. 'ఇట్' (1927)లో ఆమె దుకాణంలో పనిపిల్ల. రిట్జ్ హోటల్‌కు వెళ్లడానికి మంచి బట్టల్లేక, పనికి వేసుకెళ్లే గౌనునే కత్తెరతో కోసి పార్టీ గౌను చేసుకుంటుంది. ఆ కత్తెరలో ఎంత పౌరుషం!

ఇంతటి సంపదను ఏం చేసుకున్నాం? అమెరికా మూకీ కథాచిత్రాల్లో దాదాపు 70 శాతం పోయాయని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో తేల్చింది. మన రఘుపతి ప్రకాష్ తీసిన 'భీష్మప్రతిజ్ఞ' (1921) కూడా దక్కలేదు. మిగిలినవాటిని ఫోన్లలో ముక్కలు చేసి, వేగం పెంచి, వెకిలి సంగీతం తగిలించి నవ్వులాటగా తిప్పుతున్నారు. ఇది చూస్తే కడుపు మండుతుంది. ఫిల్మ్ క్లబ్బులు నడిపే మిత్రులారా, ఒక్క మూకీనైనా సరైన వేగంతో, పక్కన వాయిద్యకారుణ్ణి కూర్చోబెట్టి, మొత్తం వేయండి. 'ఎ వుమన్ ఆఫ్ పారిస్'తోనే మొదలుపెట్టండి.