ఒక పిల్లవాడు, రెండు పుస్తకాలు

తొండియార్‌పేటలో సాయంత్రం పూట పిల్లలకు లెక్కలు చెబుతాను. పది లెక్కలిస్తే మూడోదాని దగ్గరే మిగతా ఏడింటి కిటుకు పట్టేసి, నోటుబుక్కు చివరి పేజీలో తనకు తోచిందేదో వేసుకుంటూ కూర్చునే పిల్లలు ఏటా ఒకరో ఇద్దరో తగులుతారు. బడిలో వాళ్లకు పొగరుబోతులని పేరు. వాళ్లను ఎలా సాకాలో తేల్చుకోవడానికే గణితవేత్త రామానుజన్ మీద వచ్చిన రెండు పుస్తకాలను పక్కపక్కన పెట్టుకుని మళ్లీ చదివాను. ఒకటి రాబర్ట్ కానిగెల్ 1991లో వెలువరించిన ‘ద మ్యాన్ హూ న్యూ ఇన్ఫినిటీ’. రెండోది 1968లో పి.కె. శ్రీనివాసన్ కూర్చిన ఉత్తరాలు, జ్ఞాపకాల సంపుటి.

కానిగెల్ కథ చెప్పడంలో దిట్ట. కుంభకోణం టౌన్ హైస్కూల్లో ఒక మాస్టారు, ఏ సంఖ్యనైనా దానితోనే భాగిస్తే ఒకటి వస్తుందని పళ్లు పంచి చూపిస్తున్నారు. సున్నా పళ్లను సున్నా మందికి పంచినా తలా ఒకటి వస్తుందా అని కుర్రాడైన రామానుజన్ అడిగాడు. ఈ ప్రశ్న విని కసురుకోని బడి అది. పన్నెండు వందల మంది పిల్లలకు, ముప్పై అయిదుగురు టీచర్లకు టైంటేబుల్ వేసే పని ఆ కుర్రాడికే అప్పజెప్పింది. 1904లో లెక్కల బహుమతి ఇస్తూ హెడ్మాస్టరు కృష్ణస్వామి అయ్యర్, ఇతనికి నూటికి నూరు కూడా తక్కువేనన్నారు.

మరి అదే పిల్లవాడు కాలేజీలో ఎందుకు తప్పాడు? కానిగెల్ గొప్పతనం ఈ ప్రశ్నను వదలకపోవడంలో ఉంది. ఇంగ్లీషు వ్యాసం సరిగా రాయలేదని స్కాలర్‌షిప్ పోయింది. తండ్రి గుమాస్తా, జీతం నెలకు ఇరవై రూపాయలు. తల్లి వెళ్లి ప్రిన్సిపాల్‌ను నిలదీసినా ఫలితం లేకపోయింది. 1905లో కుర్రాడు ఇల్లు వదిలి మన విశాఖపట్నం వైపు పారిపోయాడు. ఆ తర్వాత పచ్చయప్ప కాలేజీలో శరీరశాస్త్రం దెబ్బతీసింది. ఈ పేజీలు చదువుతుంటే నాకు కోపం ఆగలేదు.

అయితే కానిగెల్ చూపు ఎక్కువగా కేంబ్రిడ్జి మీదే ఉంటుంది. అక్కడి గణితవేత్త హార్డీ రాగానే కథకు వేగం వస్తుంది, అంతకుముందు ఆదుకున్న వాళ్లు మెట్లయి వెనక్కి జరుగుతారు.

ఆ మెట్ల దగ్గర ఆగేది శ్రీనివాసన్ సంపుటి. ఆయన జార్జిటౌన్ ముత్యాలపేట హైస్కూల్లో లెక్కల మాస్టారు. పుస్తకం వేసింది ఏ విశ్వవిద్యాలయమో కాదు, ఆ బడీ, దాని పూర్వ విద్యార్థులూ. తొండియార్‌పేట నుంచి బస్సెక్కితే కాసేపట్లో చేరే చోటది. రామానుజన్‌ను ఎరిగిన వాళ్లు తలా ఒక జ్ఞాపకం చెబుతారు. వరుస లేదు, భక్తి పాలు ఎక్కువ, చెప్పిందే మళ్లీ వస్తుంది. బడి తప్పును ఎత్తిచూపే విమర్శ ఇందులో వెతికినా దొరకదు, అది పెద్ద లోటు. కానీ ప్రతిభ ఒంటరిగా బతకదని ఈ పుస్తకం చూపినంత దగ్గరగా కానిగెల్ చూపలేదు. ఒకరు అన్నం పెడతారు, ఒకరు సిఫారసు ఉత్తరం రాస్తారు. నెల్లూరు కలెక్టరుగా ఉన్న రామచంద్రరావు నెలకు ఇరవై అయిదు రూపాయలు పంపారు. 1912లో మన పక్కనే ఉన్న మద్రాసు పోర్ట్ ట్రస్టులో ముప్పై రూపాయల గుమాస్తాగిరీ దొరికింది. అక్కడ పైఅధికారి నారాయణ అయ్యర్ తనతోపాటు కూర్చోబెట్టుకుని లెక్కలు చేశారు.

కానిగెల్‌ది గొప్ప పుస్తకం, నాకు సందేహం లేదు. పాఠకుడిగా నా ఓటు దానికే. టీచరుగా మాత్రం నేను శ్రీనివాసన్ సంపుటినే దగ్గర పెట్టుకుంటాను. మేధావిని గుర్తుపట్టడానికి ఒక హార్డీ రావాలేమోనన్న దిగులు మొదటిది మిగులుస్తుంది. రేపు పొద్దున క్లాసులో ఏం చేయాలో రెండోది చెబుతుంది. కిటుకు పట్టేసిన పిల్లవాడికి అవే లెక్కలు మరో పది ఇవ్వకండి, టైంటేబుల్ లాంటి నిజమైన చిక్కు ఒకటి ఇవ్వండి. ఒక సబ్జెక్టులో వెనకబడ్డాడని ఇంకో సబ్జెక్టు దారి మూయకండి.

శ్రీనివాసన్ మాస్టారి చేయూతతో 1993లో వెలసిన రామానుజన్ మ్యూజియం రాయపురంలో ఉంది. ఉత్తర మద్రాసు టీచర్లకు నా మనవి ఒకటే: పిల్లలను అక్కడికి తీసుకెళ్లండి. వచ్చాక నోటుబుక్కు చివరి పేజీ చూసి కోప్పడకండి, అందులో ఏముందో చదవండి.